చక్రవర్తిని మార్చిన సామంతులు

గోదావరి గడ్డ రాజవంశాలు – 4వ భాగం

మేడారం జాతర వచ్చే ఏడు మందమర్రిలో చాలా ఇళ్ల ప్రయాణం ముందుగా వేములవాడకే. సమ్మక్క సారలమ్మల దగ్గరికి పోయే ముందు రాజన్నను చూసి రావాలనేది ఉత్తర తెలంగాణలో పాత ఆనవాయితీ. గనుల్లో షిఫ్టులు సర్దుకుని, పిల్లాపాపలతో గోదావరి దాటి, ధర్మగుండంలో మునిగి, కోడెను పట్టుకుని గుడి చుట్టూ తిరిగి మొక్కు చెల్లిస్తారు. దగ్గర్లోనే ఉన్న భీమేశ్వరాలయంలోనూ దండం పెట్టుకుని ఇంటిదారి పడతారు.

ఆ భీమేశ్వరాలయమే ఒకప్పటి బద్దెగేశ్వరమని చరిత్రకారులు గుర్తించారు. కట్టించినవాడి పేరే అప్పట్లో గుడికి వచ్చింది. బద్దెగుడు 9వ శతాబ్దంలో వేములవాడను ఏలిన యోధుడు. నలభై రెండు యుద్ధాలు గెలిచాడని అతని వంశం వాళ్లు చెప్పుకున్నారు. 'సోలదగండ' అని బిరుదు పెట్టుకున్నాడు. ఓటమి ఎరగని వీరుడని దానికి అర్థం.

గత భాగంలో మందమర్రి పక్కన బొక్కలగుట్ట దగ్గరి గాంధారి ఖిల్లా గురించి, అక్కడ మాఘమాసంలో జాతర చేసుకునే నాయకపోడుల గురించి చదివాం. ఈసారి గోదావరి దాటి దక్షిణానికి వెళ్దాం. ఆ నేలకు పాతపేరు సబ్బినాడు. శాసనాల్లో 'సబ్బి వెయ్యి' అని కనిపిస్తుంది. ఇప్పటి కరీంనగర్ ప్రాంతమంతా అందులోదే.

సమురాయ్ అంటే మన పిల్లలకు బాగా తెలుసు. సినిమాల్లో, కామిక్ పుస్తకాల్లో, మొబైల్ ఆటల్లో జపాన్ యోధులు వాళ్లకు రోజూ ఎదురవుతుంటారు. తైరా, మినామోతో వంశాల పేర్లు తడుముకోకుండా చెప్పే పిల్లలున్నారు. యుద్ధమే వృత్తిగా బతికి, పై ప్రభువుకు కత్తితో కొలువు చేసి, చివరికి ఆ ప్రభువు తలరాతనే మార్చిన వంశాలవి. అలాంటి వంశమొకటి సబ్బినాడులో రెండు వందల ఏళ్లకు పైగా వర్ధిల్లింది. చరిత్రలో దాని పేరు వేములవాడ చాళుక్యులు.

రాజుల కొమ్మ, కొలువు బతుకు

బాదామి చాళుక్యుల సామ్రాజ్యాన్ని 753 ప్రాంతంలో రాష్ట్రకూట దంతిదుర్గుడు కూల్చేశాడు. దక్కను పీఠం చాళుక్యుల చేతి నుంచి రాష్ట్రకూటుల చేతికి పోయింది. ఆ సమయంలోనే చాళుక్యులమని చెప్పుకునే ఒక శాఖ, కొత్త చక్రవర్తుల కిందే సామంతులుగా గోదావరి తీరంలో నిలదొక్కుకుంది. ఆ శాఖకు పునాది గట్టిపరిచినవాడు వినయాదిత్య యుద్ధమల్లుడు. మొదట వీళ్ల రాజధాని బోధన్. అప్పటి పేరు పోదన. యుద్ధమల్లుడు అక్కడ నూనె నింపిన బావుల్లో ఏనుగులకు స్నానం చేయించేవాడని ఆ వంశపు కథనం. కవుల అతిశయోక్తిని పక్కన పెట్టినా ఒక విషయం మాత్రం తెలుస్తుంది: వీళ్ల బలానికి గుర్తు ఏనుగుల దండు.

అతని కొడుకు మొదటి అరికేసరి. రాష్ట్రకూట ధ్రువుని కాలంలో వేంగి మీదికి, త్రికళింగం మీదికి దండెత్తి గెలిచాడని కొల్లిపర తామ్రశాసనం చెబుతోంది. గెలుపు చక్రవర్తి ఖాతాలోకి పోయింది, పేరు మాత్రం ఈ వంశానికి మిగిలింది. సామంతుని బతుకే అంత. పిలుపు రాగానే సైన్యంతో పోవాలి, కప్పం కట్టాలి, కొలువుకు హాజరు కావాలి. బదులుగా తన నాడులో తానే రాజు. పన్ను, తీర్పు, దానం అన్నీ తన చేతిలోనే ఉంటాయి. పెళ్లిళ్లు కూడా ఈ బంధాన్ని బిగించేవి. రాష్ట్రకూటుల ఆడపడుచులు వేములవాడ కోటలో కోడళ్లయ్యారు.

జపాన్ యోధవంశాలు కూడా ఇలాగే పుట్టాయి. అక్కడి చక్రవర్తులకు సంతానం ఎక్కువైనప్పుడు కొందరిని రాజవంశం నుంచి తప్పించి, ఇంటిపేరు ఇచ్చి, రాజధానికి దూరంగా పంపేవారు. సాగ చక్రవర్తి 814లో తన పిల్లలు కొందరికి మినామోతో అనే ఇంటిపేరు ఇచ్చాడు. కన్ము చక్రవర్తి వంశంలో పుట్టిన తకామోచికి 889లో తైరా అనే ఇంటిపేరు వచ్చింది. అతను తూర్పున కాంతో మైదానానికి వెళ్లి స్థిరపడ్డాడు. రాజరక్తం ఉండి సింహాసనం లేని మనుషులు, రాజధానికి దూరంగా నేల, గుర్రాలు, అనుచరులు. సబ్బినాడు చాళుక్యుల పరిస్థితి కూడా సరిగ్గా ఇదే.

గంగలో వేములవాడ గుర్రాలు

బోధన్ నుంచి రాజధాని వేములవాడకు మారింది. శాసనాల్లో ఆ ఊరు లేంబులవాటక, లేంబులపాటక అని కనిపిస్తుంది. ఇక్కడ ఏలినవాళ్లలో యుద్ధాల సంఖ్యకు బద్దెగుడు పేరుపడ్డాడు. భీముడనే రాజును, నీళ్లలో ఉన్న మొసలిని పట్టినట్టు పట్టాడని కవులు పొగిడారు. ఆ భీముడు ఎవరన్న దాని మీద పండితులు వాదించుకుంటూనే ఉన్నారు.

బద్దెగుని మనుమడు రెండో నరసింహుడు ఇంకా దూరం వెళ్లాడు. 916 ప్రాంతంలో రాష్ట్రకూట చక్రవర్తి మూడో ఇంద్రుడు ఉత్తరాదిన గూర్జర ప్రతీహారుల మీదికి దండు నడిపి కనౌజ్ నగరాన్ని పట్టుకున్నాడు. ఆ దండులో ముందు నిలిచినవాడు నరసింహుడు. ఓడి పారిపోతున్న ప్రతీహార రాజు మహీపాలుణ్ణి తిండికీ నిద్రకూ ఆగనివ్వకుండా తరిమాడని, తన గుర్రాలను గంగా సంగమంలో కడిగించాడని ఈ వంశం కొలువు కవి పంపడు రాశాడు. లాట దేశంలోనూ మాళవంలోనూ గెలిచిన పేరు కూడా అతనికి ఉంది.

ఒక్కసారి పటం ముందు పెట్టుకుని చూడండి. వేములవాడ నుంచి కనౌజ్ వేయి కిలోమీటర్లకు పైన. రోడ్లు లేని రోజుల్లో, నర్మద దాటి, వింధ్య దాటి, ఏనుగులతో గుర్రాలతో కాల్బలంతో సబ్బినాడు సైనికులు అంత దూరం నడిచారు. వాళ్లలో ఒక్కరి పేరూ మనకు దక్కలేదు. దక్కినవి సేనానుల పేర్లు మాత్రమే.

శరణు వచ్చినవాడు

నరసింహుని కొడుకు రెండో అరికేసరి. ఈ వంశం మొత్తానికి శిఖరం ఇతనే. 930 నుంచి 955 వరకు ఏలాడు. అతను గద్దెనెక్కిన రోజుల్లోనే రాష్ట్రకూట సింహాసనం మీదికి నాలుగో గోవిందుడు వచ్చాడు. గొజ్జిగుడని కూడా అతనికి పేరు. కొద్ది ఏళ్లలోనే ఆ చక్రవర్తి పాలన మీద సామంతులకు విసుగు పుట్టింది. భోగలాలస అతణ్ణి ముంచిందని తర్వాతి రాష్ట్రకూట శాసనాలే నిందించాయి.

అదే సమయంలో చాళుక్య వంశీయుడు విజయాదిత్యుడు చక్రవర్తి ఆగ్రహానికి గురయ్యాడు. ప్రాణం దక్కించుకోవడానికి అరికేసరిని శరణు వేడాడు. అతణ్ణి తెచ్చి అప్పగించమని గొజ్జిగుడు ఆజ్ఞ పంపాడు. అరికేసరి ఒప్పుకోలేదు. చక్రవర్తి పెద్ద పెద్ద సామంతుల్ని సైన్యాలతో పంపించాడు. అరికేసరి వాళ్లను ఓడించాడు.

ఇక్కడ కథ ఆగి ఉంటే ఇది ఒక సామంతుని మొండి ధైర్యానికి సంబంధించిన ముచ్చటగా మిగిలేది. కానీ అరికేసరి అంతటితో ఆగలేదు. తోటి సామంతులు తోడుగా గొజ్జిగుణ్ణి పీఠం మీంచి దించి, త్రిపురిలో కలచురుల దగ్గర ఉన్న రాష్ట్రకూట రాకుమారుడికి రాజ్యం అప్పగించాడు. ఆ రాకుమారుని పేరూ బద్దెగుడే. చక్రవర్తిగా మూడో అమోఘవర్షుడు. ఇదంతా 935 ప్రాంతంలో జరిగింది.

ఈ కథ మనకు చెప్పినవాడు అరికేసరి ఆస్థానకవి పంపడు. కొలువు కవి తన ప్రభువును పొగడక ఏం చేస్తాడని ఎవరికైనా అనుమానం రావచ్చు. అలాంటప్పుడు అవతలి పక్షం సాక్ష్యం చూడాలి. అమోఘవర్షుని కొడుకు మూడో కృష్ణుడు 940లో వేయించిన దేవళీ తామ్రశాసనం, రాష్ట్రకూట వంశ ప్రతిష్ఠ నిలబెట్టమని సామంతులే అమోఘవర్షుణ్ణి బతిమాలి సింహాసనం ఎక్కించారని ఒప్పుకుంది. తమ రాజ్యం సామంతుల చలవ అని ఒక చక్రవర్తి రాగి మీద చెక్కించుకోవడం చిన్న మాట కాదు. వేములవాడ కవి చెప్పిందీ రాష్ట్రకూట చక్రవర్తి చెప్పిందీ ఇక్కడ ఒకచోట కలుస్తున్నాయి. కాబట్టి పంపని కథలో అలంకారాలు తీసేసినా ఎముక గట్టిగానే నిలుస్తుంది.

అదే పదేళ్లలో, జపాన్ తూర్పు తీరాన

వేములవాడలో ఇది జరిగిన నాలుగైదేళ్లకే జపాన్‌లో కాంతో మైదానంలో ఇంచుమించు ఇలాంటి కథే నడిచింది. అక్కడి నాయకుడు తైరా నో మసకాదో. తైరా వంశకర్త తకామోచికి మనుమడు. భూముల కోసం, కుటుంబ కలహాల వల్ల తండ్రి అన్నదమ్ములతో 935 నుంచే పోరాడుతున్నాడు. 939లో ఫుజివారా నో హరుఆకి అనే వ్యక్తి హితాచి రాష్ట్రాధికారులతో తగాదా పడి మసకాదో దగ్గర తలదాచుకున్నాడు. అప్పగించమని అధికారులు అడిగారు. మసకాదో ఇవ్వలేదు. సైన్యంతో వెళ్లి హితాచి కచేరీనే పట్టుకున్నాడు.

అక్కడి నుంచి రెండు కథలూ రెండు దారులు పట్టాయి. మసకాదో ఇరుగుపొరుగు రాష్ట్రాల కచేరీలనూ వరుసగా పట్టుకుని, తానే 'కొత్త చక్రవర్తి'నని ప్రకటించుకున్నాడు. క్యోటో కొలువు అతని తలకు బహుమానం ప్రకటించింది. మసకాదో చేతిలో తండ్రిని పోగొట్టుకున్న సొంత బంధువు తైరా నో సదామోరి, ఫుజివారా నో హిదెసతో ఇద్దరూ కలిసి అతని మీదికి వచ్చారు. అప్పటికే మసకాదో తన సైనికుల్లో ఎక్కువమందిని ఇళ్లకు పంపించేశాడు. 940 మొదట్లో జరిగిన యుద్ధంలో బాణం తగిలి చనిపోయాడు. తలను రాజధానికి తెచ్చి అందరూ చూసేలా పెట్టారు. కొత్త చక్రవర్తి ఏలుబడి రెండు నెలలు కూడా సరిగ్గా సాగలేదు. అతని తల సమాధి అని చెప్పే చోటు టోక్యో నడిబొడ్డున ఒతెమాచిలో ఈనాటికీ ఉంది. జనం పూజలు చేస్తూనే ఉన్నారు.

ఇద్దరూ యోధులే. ఇద్దరూ శరణన్నవాడిని అప్పగించలేదు. ఇద్దరూ ప్రభువు మీద కత్తి దూశారు. ఒకరు రెండు నెలల్లో కూలిపోతే, మరొకరు ఇరవై ఏళ్లు నిబ్బరంగా ఏలారు. తేడా ఎక్కడుంది?

అరికేసరి ఒంటరిగా దిగలేదు. ఇతర సామంతులు కూడా గొజ్జిగుని మీద విసిగి ఉన్నారు, వాళ్లతో చేతులు కలిపాడు. రెండోది ఇంకా ముఖ్యం. సింహాసనం తనకు అందేంత దగ్గరగా ఉన్నా దాని మీద కూర్చోలేదు. రాష్ట్రకూటుల రాజ్యాన్ని రాష్ట్రకూటుడికే ఇచ్చాడు. దాంతో ఏ సామంతుడికీ అతని మీద అసూయ పడే అవసరం రాలేదు, కొత్త చక్రవర్తికీ భయపడే అవసరం రాలేదు. మసకాదోకు ఈ రెండూ లేవు. సొంత వంశంలోనే శత్రువులున్నారు. తానే చక్రవర్తినన్న రోజు నుంచి దేశమంతా శత్రువైంది.

అరికేసరి బిరుదుల్లో 'సామంతచూడామణి' ఒకటి. సామంతుల్లో తలమానికం అని. చక్రవర్తిని మార్చినవాడు కూడా తన పేరు ముందు సామంతుడన్న మాటనే పెట్టుకున్నాడు. ఆ హద్దు తెలిసి ఉండటమే అతని రాజనీతి.

కత్తి నీడలో పెరిగిన కలం

ఈ వంశం యుద్ధాలతోనే ఆగి ఉంటే ఇన్ని వివరాలు మనకు అందేవి కావు. అందించింది సాహిత్యం.

పంపడు 902లో పుట్టాడు. అతని పూర్వీకులు వేంగినాటి వైదిక బ్రాహ్మణులు. తండ్రి భీమపయ్య జైనం స్వీకరించాడు. కన్నడ సాహిత్యంలో ఆదికవి అన్న గౌరవం పంపనిదే. 941లో ఆదిపురాణం పూర్తిచేశాడు. తన ప్రభువును భారతంలోని అర్జునుడితో ఒకటి చేసి విక్రమార్జున విజయం రాశాడు. అందులో ద్రౌపది అర్జునుడికి ఒక్కడికే భార్య. యుద్ధం ముగిశాక పట్టాభిషేకం జరిగేది కూడా అర్జునుడికే. అరికేసరిని అర్జునుడిగా చూపాలంటే వ్యాసుని కథను అంత దూరం మార్చక తప్పలేదు. ఈ కావ్యానికి మెచ్చి అరికేసరి ధర్మవుర అగ్రహారాన్ని కవికి ఇచ్చాడు.

తెలుగువాళ్లకు ఇంతకన్నా పెద్ద సంపద పంపని తమ్ముడు జినవల్లభుని చేతిలో ఉంది. కరీంనగర్ జిల్లా గంగాధర మండలం కురిక్యాల దగ్గర బొమ్మలగుట్ట అని ఒకటుంది. 945 ప్రాంతంలో జినవల్లభుడు ఆ గుట్ట మీది బండకు చక్రేశ్వరి విగ్రహాన్ని, జైన తీర్థంకరుల బొమ్మల్ని చెక్కించి, త్రిభువనతిలకమనే బసది (జైన గుడి) కట్టించి, శాసనం వేయించాడు. అన్న పేరు మీద 'కవితాగుణార్ణవ' అని ఒక చెరువు, 'మదనవిలాస' అని ఒక తోట కూడా ఏర్పాటు చేశాడని అదే చెబుతోంది. పంపనికి అగ్రహారం దక్కిన సంగతికి రాతి సాక్ష్యం కూడా ఇదే.

శాసనం మూడు భాషల్లో ఉంది: సంస్కృతం, కన్నడం, తెలుగు. తెలుగు భాగంలో మూడు కంద పద్యాలున్నాయి. నన్నయ రాజమహేంద్రవరంలో భారతం మొదలుపెట్టడానికి వందేళ్ల ముందే, కరీంనగర్ గుట్ట మీద తెలుగు కందం గణాలు తప్పకుండా, యతి ప్రాసలు తప్పకుండా నిలబడి ఉంది. తెలుగులో మనకు దొరికిన అత్యంత పాత కందాల్లో ఇవి ముందు వరసలో ఉంటాయి. తెలుగు పద్యం కోస్తాలోనే పుట్టి పెరిగిందని అనుకునేవాళ్లు ఈ బండ ముందు ఒక్కసారి నిలబడాలి. ఆ పద్యాలు చెక్కించిన మనిషి తమ్ముడైతే, కన్నడ ఆదికవి అన్న. ఒకే ఇంట్లో రెండు భాషలూ పెరిగాయి. కొలువులో ఏ భాషకూ తక్కువ గౌరవం లేదు.

జైన పండితుడు సోమదేవసూరి కూడా ఈ వంశం నీడలోనే రాశాడు. అరికేసరి కొడుకు వాగరాజు కాలంలో, 959లో, గంగాధరలో ఉండి యశస్తిలక చంపువును పూర్తిచేశాడు. అప్పుడు మూడో కృష్ణుడు దక్షిణాన మేల్పాడిలో విడిది చేసి ఉన్నాడని కూడా గ్రంథం చివర రాసుకున్నాడు. రాజనీతి మీద సూత్రాల రూపంలో సాగే నీతివాక్యామృతం కూడా ఈయన రాసిందే. తర్వాత రెండో బద్దెగుడు వేములవాడలో సోమదేవుని కోసం శుభధామ జినాలయం కట్టించాడు. 966లో మూడో అరికేసరి ఆ జినాలయానికి సబ్బినాడులోని ఒక ఊరిని దానం చేశాడు. ఆ దానశాసనం మహారాష్ట్రలోని పర్భణిలో దొరికింది. ఈ వంశావళి చాలావరకు మనకు తెలిసింది అందులోంచే. శివుడి గుడి కట్టిన బద్దెగుని ఇంట్లోనే మరో బద్దెగుడు జైన గుడి కట్టాడు. వేములవాడలో రెండు మతాలూ పక్కపక్కనే నడిచాయి.

చెట్టుతో పాటు తీగ

ఈ వంశం బయటి శత్రువు దెబ్బకు నేరుగా కూలినట్టు కనిపించదు. వేరే దారిలో పోయింది. 973లో చాళుక్యుడే అయిన రెండో తైలపుడు రాష్ట్రకూటుల రాజ్యాన్ని కూల్చి కళ్యాణి చాళుక్య సామ్రాజ్యాన్ని నిలబెట్టాడు. రాష్ట్రకూటుల ఆసరాతో పెరిగిన వేములవాడ శాఖ ఆ మార్పులో కనుమరుగైంది. మూడో అరికేసరి తర్వాత ఈ వంశం రాజులెవరూ శాసనాల్లో కనిపించరు. సామంతుని బలమంతా చక్రవర్తి బలానికి ముడిపడి ఉన్నప్పుడు, ఆ ముడి తెగితే పట్టుకోవడానికి ఏమీ మిగలదు.

జపాన్‌లో తైరా వంశం మసకాదోతో అంతం కాలేదు. అతణ్ణి ఓడించిన సదామోరి సంతతిలోనే తైరా నో కియోమోరి పుట్టి 1167లో ప్రధానమంత్రి స్థాయికి చేరాడు. 1185లో డాన్‌నోఉరా సముద్ర యుద్ధంలో మినామోతోల చేతిలో ఆ వంశం నేలమట్టమైంది. ఏడేళ్ల తర్వాత మినామోతో యోరితోమో షోగున్ అయ్యాడు. అక్కడ యోధులే దేశాన్ని ఏలే కాలం మొదలైంది.

మన దగ్గర కూడా అలాంటి మలుపు వచ్చింది. 956 నాటి మాగల్లు శాసనంలో కాకర్త్య గుండ్యన అనే సేనాని కనిపిస్తాడు. కాకతీయుల పూర్వీకుడతను. వేములవాడ చాళుక్యులు సామంతులుగానే ముగిసిపోతే, కాకతీయులు సామంతులుగా మొదలై స్వతంత్ర రాజులయ్యారు. సబ్బినాడు కూడా చివరికి వాళ్ల చేతికే వచ్చింది.

వేములవాడ చాళుక్యుల మీద గట్టి పరిశోధన చేసి, శాసనాలు చదివి, వంశక్రమం తేల్చిన పండితుల్లో నేలటూరి వెంకటరమణయ్యను మొదట తలచుకోవాలి. ఆయనలాంటివాళ్లు చేసిన పని పుస్తకాల్లో భద్రంగా ఉంది. రాళ్ల సంగతి అలా కాదు. కరీంనగర్ జిల్లాలో గ్రానైట్ కోసం గుట్టలు కరిగిపోతున్నాయి. బొమ్మలగుట్ట లాంటివి ఒకసారి పోతే మళ్లీ రావు. మందమర్రి, మంచిర్యాల, పెద్దపల్లి బడుల ఉపాధ్యాయులు రాజన్న మొక్కుకు వచ్చే పిల్లల్ని ఒక పూట కురిక్యాలకు కూడా తీసుకెళ్లాలి. పద్యం చెక్కిన బండను కళ్లారా చూసిన పిల్లలు పెద్దయ్యాక దాన్ని పగలగొట్టనివ్వరు. ఆ శాసనం దగ్గర కంచె, కాపలా, తెలుగులో వివరాల బోర్డు ఉండేలా చూడటం గ్రామపంచాయతీకీ పురావస్తు శాఖకూ అత్యవసరమైన బాధ్యత.

వచ్చే భాగంలో: జగిత్యాల దగ్గరి పొలవాస, అక్కడి మేడరాజు, అతణ్ణి ఓడించానని 1163 నాటి వేయిస్తంభాల గుడి శాసనంలో చెప్పుకున్న కాకతీయ రుద్రదేవుడు.